దూరం మేడమ్

నా కంచం వేరు, నా గ్లాసు వేరు, నా సబ్బు వేరు, నా బట్టలు ఆరేసే తీగ కూడా వేరు. మంచం మాత్రం వేరు కాలేదు.

సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి పెరటి గుమ్మం దగ్గర బకెట్లో వేడినీళ్లు, స్టూలు మీద పాత చీర సిద్ధంగా ఉండేవి. అవి అక్కడ పెట్టేది మా అత్తగారు. పెట్టేసి, గబగబా వెనక్కి వెళ్లి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "తల కూడా తడుపుకో అమ్మాయ్, జుట్టుకి పట్టుకుంటే వదలదట," అనేవారు. రోజూ తలస్నానమే. విప్పిన బట్టలు నేనే నానబెట్టాలి, నేనే ఉతకాలి, నేను నడిచొచ్చిన మేరా నేనే తడిగుడ్డ పెట్టాలి. అదంతా అయ్యాక వంట. వంట దగ్గర మాత్రం నాకు ఎవరూ దూరం చెప్పలేదు. మంచినీళ్ల గ్లాసు అందించడానికి పనికిరాని చెయ్యి కూర కలపడానికి పనికొచ్చేది. ఉడికిస్తే వైరస్సు చచ్చిపోతుందట, పేపర్లో రాశారట.

ఆయన చెప్పుల షాపులో సేల్స్‌మన్. షాపు మూసేశారు గనక పొద్దస్తమానం ఇంట్లోనే. కరోనా అంటే ఆయనకి ఎంత భయమో మాటల్లో చెప్పలేను. పాల ప్యాకెట్లని సబ్బునీళ్లలో ముంచి, తుడిచి, వరసగా నిలబెట్టేవారు. పేపరుని ఎండలో ఆరేసి మధ్యాహ్నం చదివేవారు. నా ఫోను ఆయన ఫోను పక్కన పెడితే పామును చూసినట్టు ఎగిరిపడేవారు. నాకు నీళ్లు పొయ్యాల్సివస్తే చెంబు నా గ్లాసుకి తగలకుండా జానెడు ఎత్తు నుంచి పోసేవారు. నేను దగ్గితే ఆ గదిలోంచి ఈ గదిలోకి. ఇన్ని భయాలున్న మనిషి పడక దగ్గరకొచ్చేసరికి ధైర్యవంతుడైపోయేవారు. "స్నానం చేశావుగా, ఇంకేం అంటదు," అనేవారు. వైరస్సుకి కూడా పడకగది మర్యాద తెలుసేమో అనుకునేదాన్ని మొదట్లో. తర్వాత తర్వాత ఆ నవ్వు కూడా రాలేదు.

నా ఉద్యోగం ఇళ్ల చుట్టూ తిరగడం. ఎవరికైనా పాజిటివ్ వస్తే వాళ్లని కలిసినవాళ్లెవరో కనుక్కుని, ఆ ఇళ్లకి వెళ్లి, ఎవరు ఏ గదిలో ఉండాలో చెప్పి రావాలి. లోపలికి అడుగు పెట్టకూడదు. గేటు బయట నిలబడి, మాస్కు మీద ఇంకో మాస్కు, ఆ పైన ప్లాస్టిక్ తొడుగు వేసుకుని అరవాలి. అరిస్తే గానీ వినపడదు. "వేరే గది. వేరే పడక. దూరం, దూరం." నేను ఒక ఇంటివాళ్లకి చెప్తుంటే వీధి వీధంతా వినేది. పిల్లలు నాకు 'దూరం మేడమ్' అని పేరు పెట్టారు. నేను సందు మలుపు తిరగ్గానే "దూరం మేడమ్ వస్తోందిరో" అని కేకలు పెట్టి లోపలికి పరిగెత్తేవాళ్లు. ఏ ఇంట్లోనైనా నేను చెప్పిందంతా విని అడిగే మొదటి మాట ఒకటే. "ఎన్నాళ్లు?" నేను ఆఫీసువాళ్లిచ్చిన తారీఖు చెప్పేదాన్ని. వాళ్లు గోడ క్యాలెండర్లో ఆ గడి చుట్టూ సున్నా చుట్టేవాళ్లు.

నాకు మంట మొదలైంది ఆ ఎండల్లోనే. ఒంటేలుకి వెళ్తే మంట, నడిస్తే ఒరుపు, తెల్లబట్ట, పొత్తికడుపులో ఎవరో చెయ్యి పెట్టి పిండుతున్నట్టు నొప్పి. ప్లాస్టిక్ తొడుగు తీస్తే మళ్లీ వేసుకోవడం కష్టమని మేమంతా పొద్దున్నుంచీ నీళ్లు తాగేవాళ్లం కాదు, బాత్రూముకి వెళ్లేవాళ్లం కాదు. దాని మూలానేలే అనుకున్నాను. ఆడదానికి ఏ నొప్పి వచ్చినా మొదట తన తప్పేమిటో వెతుక్కోవడం అలవాటు కదా. ఓర్చుకోలేని రోజున మా హెల్త్ సెంటర్లో పెద్ద సిస్టర్‌కి చెప్పాను. మామూలు రోజుల్లో అయితే అక్కడ ఆడవాళ్లకని ఒక గది ఉండేది. కాపర్ టీ వేసేవాళ్లు, మాత్రలిచ్చేవాళ్లు, కండోములు పొట్లాలు కట్టి ఇచ్చేవాళ్లు, తలుపేసి పరీక్ష చేసేవాళ్లు. ఇప్పుడు దాన్నిండా మాస్కుల పెట్టెలు పేర్చి తాళం వేశారు. ఇవన్నీ అత్యవసరం కాదని పైనుంచి ఆర్డరు. పెద్ద సిస్టర్ తాళం తీసి, ఆ పెట్టెల మధ్య బల్ల మీదవి దింపించి, నన్ను పడుకోబెట్టి చూసింది.

"ఇది నీ ఒక్కదానిదీ కాదు. ఇద్దరిది," అంది గ్లవ్స్ తీస్తూ. "ఎవరి నుంచి ఎవరికొచ్చిందని నన్నడక్కు. అది తేలదు. తేలినా కాపురాలు కూలతాయి తప్ప జబ్బు పోదు. ఇద్దరూ మాత్రలు మింగండి. అయ్యేదాకా కలవకండి. నువ్వొక్కదానివే మింగితే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే."

రెండు షీట్లు ఇచ్చింది, ఆయనకొకటి, నాకొకటి. ఆయనకి ఎలా చెప్పాలా అని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. గేట్ల దగ్గర నిలబడి ఊరికి ఊరినే గదమాయించే దాన్ని, మొగుడికి మాత్రల షీటు ఇవ్వడానికి గొంతు సవరించుకున్నాను. ఆయన దాన్ని తీసుకుని, ముందు శానిటైజరు పోసి తుడిచి, తర్వాత వెనకా ముందూ తిప్పి చూశారు.

"నాకేం రోగం?" అన్నారు. "ఊరంతా తిరిగేది నువ్వు. ఎవరింట్లో ఏ బాత్రూములో కూర్చున్నావో."

నన్ను ఏ ఇంటి గేటూ దాటనివ్వరండీ అన్నాను. ఆ మాట ఆయన చెవిన పడలేదు. ఇది అయ్యేదాకా కలవకూడదట అని కూడా అన్నాను, నేల చూస్తూ.

"షాపు లేదు. స్నేహితులు లేరు. వీధిలోకి వెళ్తే పోలీసోడు లాఠీ ఎత్తుతున్నాడు. ఇంట్లో మగాడికి ఇంకేం మిగిలిందే? అది కూడా మీ ఆఫీసువాళ్లే రాయాలా?" అన్నారు.

షీటుని బీరువా మీద పెట్టారు. రేపు రేపు అంటూ అది అక్కడే ఉండిపోయింది. నా కోర్సు నేను మింగాను. ఓ వారం ఒళ్లు తేలికైంది. ఒంటేలుకి వెళ్లొచ్చి మంట లేదని తెలిసిన రోజున, నవ్వుతారేమో గానీ, గోడకి తల ఆనించి ఏడ్చాను. ఆ వారంలో కూడా ఆయన ఆగలేదు. మంట మళ్లీ వచ్చింది.

మా సెంటర్ వెనక సందులో ఒక టైలరు ఇల్లు ఉంది. ముందు గదిలో కుట్టు మిషను, వెనక గదిలో కాపురం. మాస్కులు కుట్టించుకెళ్లిన ఒకాయనకి పాజిటివ్ వచ్చిందని నన్ను వాళ్లింటికి పంపారు. గేటు దగ్గర నిలబడి, మీరు ముందు గదిలోనే ఉండాలి అని టైలరుకి చెప్పాను. ఎన్నాళ్లు అన్నాడు. తారీఖు చెప్పాను. తలూపి లోపలికి వెళ్లాడు. నేను కదలబోతుంటే అతని భార్య చెత్త సంచీ పట్టుకుని గేటు దగ్గరకి వచ్చింది. భుజం మీద పసిగుడ్డు. కాన్పయి ఇంకా రెండు నెలలు కూడా నిండలేదు.

"అక్కా, ఇంకోసారి చెప్పండి," అంది, గొంతు పైకి రానివ్వకుండా. "గట్టిగా చెప్పండి. నాకు కూడా సోకిందేమోనని అనుమానంగా ఉందని చెప్పండి. రాత్రిళ్లు వెనక గదిలోకి రావొద్దని చెప్పండి."

"జ్వరమేమైనా ఉందా?" అన్నాను.

"లేదక్కా." చెత్త సంచీ మూతి ముడి వేస్తూ అంది. "కుట్లు ఇంకా మానలేదు."

ఆ పిల్ల కళ్లలోకి చూశాను. ఇద్దరం మాస్కులేసుకుని ఉన్నాం, కళ్లు తప్ప ఇంకేమీ కనపడవు. అవి చాలు. నేను ఇంటివైపు తిరిగి, ఎన్నడూ లేనంత గొంతుతో అరిచాను. "టైలరు గారూ, మీ ఆవిడకి కూడా సోకిందని అనుమానం ఉంది. పసిబిడ్డ తల్లి. ఆమె గది గడప మీరు దాటకూడదు. తేడా వచ్చిందంటే అందర్నీ బండెక్కించి తీసుకెళ్తారు." లోపల్నుంచి "సరే మేడమ్, సరే సరే," అని వినపడింది. బండెక్కించడమంటే హడలిపోయే రోజులవి. ఆ పిల్ల ముడి బిగించి, సంచీ గేటు పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆడవాళ్ల మధ్య కబురు పాకడానికి ఫోన్లు అక్కర్లేదు. డాబాల మీద బట్టలు ఆరేసుకుంటూ, కిటికీల్లోంచి, కూరగాయల బండి దగ్గర, ఎలాగో పాకిపోయింది. నేను ఒక ఇంటికి వెళ్తే పక్కింటామె గోడ మీంచి పిలిచేది. గొంతు గరగర అనేది ఒకామె. ఒళ్లు నొప్పులనేది ఇంకొకామె. ఒకావిడైతే, "నాకు వాసన తెలియడం లేదు మేడమ్," అని దిగులుగా చెప్తూ చెప్తూ, "అయ్యో, పాలు మాడిపోతున్నాయి," అని లోపలికి పరిగెత్తింది. ఆవిడ తిరిగొచ్చేదాకా నేను ఆగి, ఆవిడ మొగుడికి వినపడేలా వేరే పడక చెప్పే వెళ్లాను. రిటైరైన హెడ్మాస్టరు గారి భార్య, మా అత్తగారి కంటే పెద్దావిడ, నేను తారీఖు చెప్తే పెదవి విరిచింది. "ఇంతేనా అమ్మా? ఇంకా పెద్ద రోగమేదీ లేదూ?" అంది. తర్వాత నవ్వింది. "మా రోజుల్లో ఇలాంటిదొకటి రాలేదు చూడు," అంది. అత్తగార్లందరూ అడిగేది మాత్రం ఒకటే. "పడక వేరంటే సరే గానీ, వంట చెయ్యొచ్చు కదా?"

ఉన్న జబ్బుని దాచేవాళ్ల కోసం పెట్టిన ఉద్యోగంలో నేను లేని జబ్బుని అంటగట్టి తిరుగుతున్నాను. తెలిస్తే తీసేస్తారని తెలుసు. అయినా ప్రతి ఇంటి దగ్గరా ఆ కళ్లు చూశాక నోరు ఊరుకునేది కాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచి ఇంటికొచ్చి ఓడిపోయేదాన్ని. ఆ అబద్ధమేదో మీ ఇంట్లో కూడా చెప్పుకోవచ్చుగా అని పెద్ద సిస్టర్ ఒకసారి అడిగింది. నాకు అది కుదరదు. మా స్టాఫుకి సెంటర్లోనే పరీక్షలు చేస్తారు, రిజల్టు ఫోనుకొస్తుంది, ఆ ఫోను నాకంటే ముందు ఆయన చూస్తారు. ముట్టుకోరు, బల్ల మీద పెట్టించి, వంగి చూస్తారు.

టైలరు ఇంటి తారీఖు అయిపోయింది. అయిపోయిన మర్నాడే ఆ పిల్ల సెంటర్ గేటు దగ్గర నిలబడింది.

"ఇంకో తారీఖు ఇవ్వండక్కా," అంది.

"ఊరికే ఇవ్వడానికి లేదమ్మా. మీ ఇద్దరికీ పరీక్ష చేసి నెగెటివ్ అని చెప్పేశారు."

"క్యాలెండర్లో సున్నా చుట్టిన గడి వేలు పెట్టి చూపించి మరీ రాత్రి నా గదిలోకి వచ్చాడు," అంది. ఆ మాట అంటున్నప్పుడు దాని గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు. రేషను బియ్యం అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది. "పోనీ కడుపు రాకుండా మాత్రలైనా ఇప్పించండి."

ఆడవాళ్ల గదిలో పాత స్టాకు అయిపోయింది. కొత్తది రాలేదు. బయట కొనుక్కోమని పేరు చెప్పాను. మెడికల్ షాపులో క్యూ ఎంత ఉందో, దాని చేతిలో ఏముందో నేను అడగలేదు. కొన్ని వారాల తర్వాత మళ్లీ కనపడింది, అదే బిడ్డ భుజం మీద, ఈసారి గేటు ఊచ పట్టుకుని. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. నేను అడక్కముందే తలూపింది. "మళ్లీ నెల తప్పిందక్కా," అంది.

నేను చెయ్యగలిగింది పెద్ద సిస్టర్ దగ్గరికి తీసుకెళ్లడం. తీసుకెళ్లాను. ఆ మధ్యాహ్నమంతా నాకు ఒకటే ఆలోచన. దానికి నేను ఇచ్చింది రక్షణ అనుకున్నాను. ఇచ్చింది తారీఖు. తారీఖు ఇచ్చానంటే, ఆ తర్వాత నీ ఇష్టం అని మొగుడికి నేనే చెప్పినట్టు కదా. ఎందుకొద్దో ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. వాడు ఎదురుచూసింది కుట్లు మానడం కోసం కాదు, గడి రావడం కోసం.

అదే రోజు మా ఆయన మాస్కులు తెచ్చుకోవడానికి టైలరు దగ్గరికి వెళ్లారట. సాయంత్రం నేను స్నానం చేసి, నా కంచంలో నేను వడ్డించుకుని, వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. అత్తగారు, మా పాప లోపల తింటున్నారు. ఆయన వచ్చి నవ్వుతూ నిలబడ్డారు. ఆ నవ్వు నాకు తెలుసు. షాపులో బేరం కుదరని కస్టమరు వెళ్లిపోయాక వెనక నుంచి నవ్వే నవ్వు.

"ఊళ్లో మొగుళ్లందరి చేతా ఉపవాసాలు చేయిస్తున్నావట?" అన్నారు. "టైలరు చెప్పాడు. వాడి పెళ్లాం ఇప్పటికీ ఏమన్నా 'దూరం మేడమ్ చెప్పింది' అంటోందట. మేడమ్ మీ ఇంట్లో కూడా ఇంతేనా సార్ అని అడిగాడు. నేను నవ్వేశాను. మా ఇంట్లో ఆ రూల్ లేదులేవయ్యా అన్నాను."

లోపల అత్తగారి కంచం చప్పుడు ఆగింది. పాప ఏదో అడిగితే, "తిను ముందు," అన్నారు.

నేను తల ఎత్తలేదు. అన్నం కలుపుతూనే ఉన్నాను. ఆ టైలరు ముందు ఆయన నా గురించి ఏం చెప్పుకున్నట్టు? మా ఇంట్లో తలుపుకి గొళ్లెం లేదు అని చెప్పుకున్నట్టు ఉంది నాకు.

గదిలోకి వెళ్లాక నొప్పిగా ఉంది, వద్దు అన్నాను. ఆ మాట అంత సూటిగా అనడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఇన్నేళ్లూ తలనొప్పి అన్నాను, పాప లేస్తుందన్నాను, పొద్దున్నే డ్యూటీ అన్నాను.

"మీ ఆఫీసరుకి ఒక్క ఫోను చాలు," అన్నారు ఆయన, గొంతు పెంచకుండా. "లేని జబ్బు ఉందని చెప్తూ తిరుగుతోంది అని. రేపటికి ఉద్యోగం ఉండదు. నాకు సగం జీతమే వస్తోందని ఆలోచిస్తున్నాను గానీ."

ఆ రాత్రి నేను గోడవైపు తిరిగి, ఇంటింటికీ తిరిగి చెప్పే మాటలే లోపల చెప్పుకున్నాను. వేరే గది, వేరే పడక, దూరం, దూరం. అవి అయ్యేలోపు అన్నీ అయిపోయాయి.

పొద్దున్న నడుస్తుంటే కాలు సాగలేదు. జ్వరం తగిలింది. సెంటర్లో థర్మామీటరు పెట్టగానే మిగతా స్టాఫు దూరం జరిగారు, కరోనా అని. పెద్ద సిస్టర్ ఒక్కతే నా మొహం చూసి, ఏమీ అడక్కుండా తాళంచెవి తీసింది. పరీక్ష చేసి, చాలాసేపు చేతులు కడుక్కుంది.

"ఆయన మింగాడా?"

"బీరువా మీద ఉన్నాయి సిస్టర్."

"ఇది పైకి పాకుతోంది. గర్భసంచీ దాకా వెళ్తే నేను చెయ్యగలిగిందేమీ లేదు. పెద్దాసుపత్రిలో చేర్చుకోరు, అంతా కరోనా వార్డులే." ఆ గదిలోని మందుల బీరువా తీసి, అడుగున వెతికి, ఇంకో షీటు, సూది మందు తీసింది. "నాకున్నది ఇంతే. ఈ కోర్సు అయ్యేలోపు నిన్ను ముట్టుకున్నాడంటే ఇది కూడా దండగ. నేను మాట్లాడనా ఆయనతో?"

పెద్ద సిస్టర్ మాట్లాడితే ఆయన వింటారు. ఎదురుగా తలూపుతారు. ఆవిడ అటు వెళ్లగానే "ఎన్నాళ్లట?" అంటారు. క్యాలెండర్లో సున్నా చుడతారు.

"వద్దు సిస్టర్. ఇది కూడా నేను వెళ్లి చెప్పాల్సిన ఇల్లే కదా," అన్నాను.

సూది పడ్డాక కాసేపు ఆ పెట్టెల మధ్యే పడుకున్నాను. భయమేసింది. ఉద్యోగం పోతే అనే భయం కాదు, అది రాత్రే అరిగిపోయింది. ఉద్యోగం పోతే సగం జీతంతో ఇల్లు నడవదని ఆయనకే ఎక్కువ తెలుసు. నా భయమల్లా వీధి. నేను నోరు విప్పితే నా ఒంట్లో ఏముందో వీధంతా వింటుంది. రేపట్నుంచి నేను ఏ గేటు దగ్గర నిలబడినా, ఈవిడే కదా ఆ రోగం ఉన్నావిడ అనుకుంటారు. పాపని అంటారు. ఇంత అవమానం ఎందుకు, ఇంకొక్కసారి లోపలే బతిమాలి చూడకూడదా అని నా మనసే నాకు నచ్చజెప్పింది. కళ్లు మూసుకుంటే గేటు ఊచ పట్టుకున్న ఆ టైలరు భార్య చెయ్యి కనపడింది. లేచి మాస్కు కట్టుకున్నాను.

సాయంత్రం వీధి వీధంతా గుమ్మాల్లోనే ఉంటుంది ఆ వేళకి. ఎదురింటి బ్యాంకాయన వరండాలో కుర్చీ వేసుకున్నాడు. పక్కింటి అత్తాకోడళ్లు డాబా మీద బట్టలు తీస్తున్నారు. నేను రోజూలా పెరటి దారిన వెళ్లలేదు. ప్లాస్టిక్ తొడుగు విప్పలేదు. మా గేటు బయట, ప్రతి ఇంటి ముందూ నిలబడినట్టే నిలబడ్డాను.

"ఇంట్లో ఎవరున్నారండీ?" అన్నాను, డ్యూటీ గొంతుతో.

ఆయన గుమ్మంలోకి వచ్చారు. "ఏంటా వేషాలు? వెనక నుంచి రా."

"ఈ ఇంట్లో ఒక కేసు ఉంది. చెప్పడానికొచ్చాను."

ఆయన మొహం పాలిపోయింది. రెండడుగులు వెనక్కి వేశారు. "నీకు వచ్చిందా? టెస్టు చేశారా? అమ్మా, పాపని లోపలికి తీసుకెళ్లు."

"కరోనా కాదు," అన్నాను. "భార్యాభర్తలకి వచ్చే జబ్బు. మందులు ఇద్దరికీ ఇచ్చారు. భార్య మింగింది. భర్త మింగలేదు. ఆమెకి మళ్లీ వచ్చింది. ఈసారి గర్భసంచీకి పాకుతోంది."

డాబా మీద బట్టలు తీసే చేతులు ఆగాయి. బ్యాంకాయన పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"మెల్లగా మాట్లాడవే," అన్నారు ఆయన పళ్ల మధ్య నుంచి. "లోపలికొచ్చి ఏడువు. పరువు తీస్తున్నావు."

"లోపల మెల్లగానే చెప్పాను. వినపడలేదు. నేను గేటు బయట నిలబడి చెప్తేనే మనుషులు వింటారు."

"మీ ఆఫీసరుకి ఫోను చేస్తాను నేను."

"చెయ్యండి. నంబరు కావాలంటే ఇస్తాను. ఏమని చెప్తారో ఇక్కడే చెప్పండి, అందరం వింటాం."

ఆయన చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగిపోయింది. ప్లాస్టిక్ తొడుగు గలగలమంటోంది, అది ఆయనకి వినపడకూడదని గేటుని గట్టిగా పట్టుకున్నాను. ఇక్కడితో ఆపితే మందుల సంగతే చెప్పినట్టవుతుంది. మాత్రలు మింగుతారు, మింగి చూపిస్తారు, లెక్క సరిపోయిందంటారు. అసలు మాట ఇంకా గొంతులోనే ఉంది.

"ఆమె ఇవాళ్టి నుంచి ముందు గదిలో పడుకుంటుంది," అన్నాను. డ్యూటీ గొంతు అక్కడికి సరిపోలేదు, విరిగింది. నా గొంతే మిగిలింది. "నేను ముందు గదిలో పడుకుంటానండీ. జబ్బు తగ్గాక కూడా, నాకు ఇష్టమైతేనే. నిన్న వద్దన్నాను. మీరు విన్నారు. విని కూడా ఆగలేదు."

అత్తగారు బయటికొచ్చారు. ఒక చేతిలో మంచినీళ్లు, ఇంకో చేతిలో దుమ్ము పట్టిన మాత్రల షీటు. బీరువా మీద రోజూ దుమ్ము దులిపేది ఆవిడే. అవి అక్కడున్నాయని ఇన్నాళ్లూ ఆవిడకి తెలుసన్నమాట. నా వైపు చూడలేదు. కొడుకు చేతిలో గ్లాసు పెట్టారు. కంగారులో అది నా గ్లాసని ఆవిడ చూసుకోలేదు, ఆయనా చూసుకోలేదు.

"వీధంతా చూస్తోంది. మింగు," అన్నారు. తర్వాత గేటు వైపు తిరిగి, నన్ను కాదన్నట్టు, గేటుతో అన్నట్టు అన్నారు. "నీళ్లు చల్లారిపోతున్నాయి. ముందు గదిలో పాప పక్కన చోటుంది."

ఆయన మాత్ర నోట్లో వేసుకున్నారు. నా గ్లాసులో నీళ్లు తాగారు. మూతి తుడుచుకుని, వీధి వినకుండా ఒక్క మాట అడిగారు, ఈ ఊళ్లో ప్రతి ఇంటి గేటు దగ్గరా నేను విన్న మాటే.

"ఎన్నాళ్లు?"

అలవాటుగా తారీఖు కోసం వెతుక్కున్నాను. ఆఫీసు ఇచ్చిన తారీఖేదీ నా దగ్గర లేదు. గేటు తీసుకుని, ముందు గుమ్మం వైపు నడిచాను.

"నేను చెప్తాను," అన్నాను.